ఇది ఏటి చేప?

పుస్తకాల తెలుగులో “ఏటి” అన్నది ఏరు శబ్దానికి ఔపవిభక్తిక రూపం. ఏటి నీరు, ఏటి గట్టు అంటాము కదా, ఆ “ఏటి”. మా ఉత్తరాంధ్ర వాడుకలో “ఏటి” అంటే ఏమిటి అని. ఈ రెండు “ఏటి”ల నడుమ ముప్పై ఏళ్లకు పైగా పంతులుద్యోగం చేసి కూడా నేనెన్నడూ తడబడలేదు. తడబడిన రోజు మొన్నటి భాద్రపదంలో వచ్చింది.

వాన వెలిసిన పూట పాచిపెంట దగ్గరి పెద్దగెడ్డ జలాశయం గట్టు మీద ఒక వ్యాను ఆగి ఉన్నది. దాని నిండా పాలిథీన్ సంచులు. ఒక్కొక్క సంచిలో కొంత నీరు, పైన ప్రాణవాయువు, నీటిలో సూదుల్లా మెరుస్తూ తిరిగే చేపపిల్లలు. సంఘం సభ్యులు సంచుల ముడి విప్పకుండానే వాటిని కాసేపు నీటి మీద తేల్చి ఉంచి, లోపలి నీటి వేడీ బయటి నీటి వేడీ ఒకటైన తరువాత మెల్లగా ఒంపుతున్నారు. వారిలో ఒకడు నా పూర్వవిద్యార్థి. కొండదొరల పిల్లవాడు. పిల్లవాడంటున్నాను గాని వాడికి నలభై దాటాయి. నన్ను చూసి, నీళ్లూ పిల్లలూ ఉన్న దోసిలి ముందుకు చాపి, “ఇది ఏటి చేప మాస్టారూ?” అన్నాడు.

“శీలావతి రా” అన్నాను. శాస్త్రజ్ఞులు రోహు అంటారనీ, అమరకోశంలో రోహితమని ఉన్నదనీ కూడా చెప్పాను. వృత్తిలక్షణం ఎక్కడికి పోతుంది?

వాడు నవ్వి, “పేరు నాకూ తెలుసండి. ఏ ఏటి చేప అని అడుగుతున్నాను. మన గెడ్డది కాదు కదండీ” అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. చేపకు ఒక ఏరు ఉంటుందన్నది వాడి నమ్మకం. మనిషికి ఊరున్నట్లే. ఆ నమ్మకం తప్పు కాదు. వాడి తాత ముత్తాతలు చేపను చూసింది గెడ్డలోనే. మా వైపు కొండవాగును గెడ్డ అంటారు. తొలకరి దాటి కొత్తనీరు దిగగానే చేప ఎదురెక్కుతుంది. అప్పుడు రాళ్లు పేర్చి నీటిని ఒక పక్కకు మళ్లించి, ఆ సందులో వెదురుబుట్ట పెడతారు. వేసవిలో మడుగులు మిగిలినప్పుడు మంగకాయలు దంచి నీటిలో కలిపితే చేపలు మత్తెక్కి తేలతాయి. ఈ రెండో పనిని దొరల ప్రభుత్వం 1897లో భారత మత్స్య చట్టం తెచ్చి నేరంగా ప్రకటించింది. నీటిలో విషం కలపరాదు, తుపాకిమందు పేల్చరాదు అని శాసనం. మంచిదే. కానీ అదే కాలంలో, అదే దొరలు నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు చేపకు చేసిన చేటు ముందు మంగకాయ ఎంత?

ఆ సంగతికి వస్తాను. ముందు చేప ఏరెక్కడమంటే ఏమిటో నాకు కళ్లకు కట్టిన చోటు గురించి చెప్పాలి. అది మా మన్యంలో కాదు, అమెరికాలో.

మా అమ్మాయి సియాటిల్ పక్కన ఉంటుంది. నేను అక్కడికి వెళ్లిన శరత్కాలంలో ఇసాక్వా అనే ఊళ్లోని చేపల హేచరీకి తీసుకువెళ్లింది. 1936లో కట్టినది. ఊరి నడుమ చిన్న ఏరు. మా గెడ్డ కంటె పెద్దదేమీ కాదు. అందులో మూరెడు మూరెడున్నర చేపలు, ఒళ్లు చీరుకుపోయి, తోకలు అరిగిపోయి, ప్రవాహానికి ఎదురీదుతూ వస్తున్నాయి. అవే సాల్మన్ చేపలు. పుట్టడం ఏటి ఎగువన గులకరాళ్ల సందున. గుడ్డు పగిలాక కొన్ని వారాలు పొట్టకు అంటిన సొనసంచే ఆహారం. తరువాత ఏటి పురుగులు తింటూ నెలలో, సంవత్సరమో గడిపి, ఒళ్లంతా వెండిరంగు తిరిగి, ఉప్పునీటికి తగినట్లు లోపలి అవయవాలు మారి, సముద్రానికి పోతాయి. అక్కడ రెండు మూడు నాలుగేళ్లు తిరిగి, వేల మైళ్లు ఈది, గుడ్లు పెట్టే వేళకు పుట్టిన ఏటికే తిరిగి వస్తాయి. పుట్టిన నీటి వాసన గుర్తుపెట్టుకొని వస్తాయని ఆర్థర్ హాస్లర్ అనే అమెరికన్ ఆచార్యుడు 1950లలో ప్రయోగాలు చేసి చూపాడు. పసిఫిక్ సాల్మన్‌లు గుడ్లు పెట్టాక అక్కడే చనిపోతాయి. అట్లాంటిక్ జాతి కొన్ని బతికి మళ్లీ సముద్రానికి పోగలవు.

మా విద్యార్థి అడిగిన ప్రశ్న ఆ చేపనే అడిగి ఉంటే, నోరుంటే అది తన ఏటి పేరు చెప్పి ఉండేది.

ఆ సాయంత్రమే ఇంటి దగ్గరి దుకాణంలో మంచు మీద పరిచిన ఎర్రని చేపముక్కల ముందు “అట్లాంటిక్ సాల్మన్, పెంపకం” అన్న చీటీ చూశాను. ఏటి నిండా సాల్మన్ ఎక్కే ఊళ్లో, మరో మహాసముద్రపు సాల్మన్ అమ్ముతున్నారు! మా అమ్మాయిని అడిగితే, “అది నార్వేదో చిలీదో అయివుంటుంది నాన్నగారూ, అక్కడ పంజరాల్లో పెంచుతారు” అన్నది. ఆ చేపకు ఏరు లేదు. ఆ మాట అప్పుడు తోచలేదు. పెద్దగెడ్డ గట్టు మీద తోచింది.

సాల్మన్‌కు తెలుగు పేరు లేదు. మన తీరంలో దొరికే మాగ చేపను ఆంగ్లేయులు “ఇండియన్ సాల్మన్” అన్నారు గాని, దానికీ దీనికీ చుట్టరికం లేదు. పేరు కలవకపోయినా నడత కలిసేది ఒకటున్నది, పులస. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరద వేళ గోదావరిలో ప్రవేశించి ఎదురీదితే పులస. పుస్తెలు కుదువపెట్టి అయినా తినవలసినదని గోదావరి జిల్లాల వారి మాట. (నేను శాకాహారిని. రుచి విషయంలో సాక్ష్యం చెప్పలేను.) సాల్మన్ లాగానే అది ఉప్పునీటిలో పెరిగి మంచినీటిలో గుడ్లు పెట్టే చేప. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. అందులో సందేహం లేదు, కాటన్ దొర పేరు తలచని తెలుగువాడు లేడు. ఆ ఆనకట్టే పులస దారికి అడ్డు నిలిచింది. ఇప్పుడు అది దొరికేదంతా ఆ గోడకు దిగువనే.

దొరలకు ఈ సంగతి తెలియక పోలేదు. వారి దేశంలో సాల్మన్ ఉన్నది, ఆనకట్టకు సాల్మన్ ఆగిపోవడం వారు చూసినదే. ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు మన నదుల చేపల మీద 1873లో నివేదిక రాశాడు. చేపలకు అడ్డువచ్చే ఆనకట్టల ప్రస్తావన అందులో ఉన్నది. కావేరి పాయ అయిన కొల్లిడం మీది ఆనకట్టకు చేపల మెట్లు కట్టి చూశారు. అయితే అవి సాల్మన్‌ను మనసులో పెట్టుకొని చేసిన ఏర్పాటు. సాల్మన్ దూకుతుంది, మెట్టు మెట్టుకూ ఎగిరి ఎక్కుతుంది. పులస జాతి దూకే చేప కాదు. ఒక దేశపు చేపకు కుట్టిన చొక్కా ఇంకొక దేశపు చేపకు తొడిగారన్నమాట.

మా పక్క కూడా కథ ఇదే. వేగావతి పాచిపెంట కొండల్లోనే పుడుతుంది. సంగాం దగ్గర నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. ఆ నీరు శ్రీకాకుళం దాటి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో పడుతుంది. సముద్రం నుంచి ఒక చేప మా కొండదాకా రావాలని బయలుదేరితే దారిలో నారాయణపురం ఆనకట్ట దాటాలి, ఆపై ఎన్ని గోడలో. చివర మా పెద్దగెడ్డ గోడ. నేనేదో ఆనకట్టలకు విరోధినని అనుకోకండి. ఆ నీటితో పండిన బియ్యమే నేనూ తింటున్నాను.

ఏరు మూసుకుపోతే చేపను మనమే పుట్టించుకోవాలి. ఈ పని అనుకున్నంత సులువు కాదు. చేపలను ఉంచుకోవడం మన పూర్వులకు బాగా తెలుసు. కౌటిల్యుడు సేతువులలోని చేపల మీద రాజుకు స్వామ్యం చెప్పాడు. పన్నెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక భాగమే పెట్టి, ఏ చేపకు ఏ మేత వేయాలో వర్ణించాడు. అయినా వీరెవరూ చేపను పుట్టించలేదు. ఏటిలో పుట్టినదాన్ని తెచ్చి చెరువులో వేసి మేపారు, అంతే.

కారణం ఇది. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు అనే మన పెద్దచేపలు నిలవనీటిలో ఎంత బలిసినా గుడ్లు విడవవు. పొట్టనిండా గుడ్లు పండి ఉంటాయి. కానీ వరదనీరు పారుతూ ఒడ్డులు ముంచిన చోట తప్ప ఆ గుడ్లు బయటికి రావు. పారే నీటి తాకిడి లేకపోతే చేప ఒంట్లో తాళం తెరుచుకోదు. బంగాళంలో బాంకురా వైపు రైతులు వాననీరు ఒక్కసారిగా వచ్చి నిండే కుంటలు కట్టి, చేపను మోసగించి గుడ్లు పెట్టించేవారు. మిగిలిన దేశమంతా ఏటి విత్తనం మీదనే ఆధారపడేది. వర్షాకాలంలో గంగ ఒడ్డున సన్నని వలలతో చేపగుడ్లూ పసిపిల్లలూ పట్టి, మట్టికుండల్లో పోసి, రైళ్లలో పంపేవారు. కుండలోని నీటికి గాలి అందాలని దారి పొడుగునా మనుషులు కూర్చుని ఆ కుండలను చేతులతో కదుపుతూ ఉండేవారు! ఇంత చేసినా దిగేనాటికి సగం చచ్చేవి. మిగిలినవాటిలో ఏది శీలావతో, ఏది పనికిరాని పరిగో, ఏది తోటిపిల్లలను మింగే వాలుగో పెరిగితేగాని తెలిసేది కాదు.

ఈ తాళం తీసినది మా కొండల వరుసకు ఉత్తరాన, ఒరిస్సాలోని అంగుల్‌లో. 1947లో కేంద్రప్రభుత్వం అంతర్దేశ మత్స్య పరిశోధన సంస్థను నెలకొల్పింది. దాని చెరువుల విభాగం కటకంలో ఉండేది. అక్కడ పనిచేస్తున్న హీరాలాల్ చౌధురి అనే బెంగాలీ శాస్త్రజ్ఞుడు చేప మెదడు కింద పెసరగింజ కంటె చిన్నదిగా ఉండే పీయూషగ్రంథి మీద దృష్టి నిలిపాడు. బ్రెజిల్ దేశస్థులు అంతకు ముందే 1930లలో తమ చేపల మీద ఈ మార్గం ప్రయత్నించి ఉన్నారు. మన పెద్దచేపలకు మాత్రం అది పారలేదు. చౌధురి ముందు చిన్నచేపల మీద పరీక్షించి, కె.హెచ్. అలికున్హి తోడ్పాటుతో 1957 జూలై 10న అంగుల్‌లో సాధించాడు. ఒక చేప తలలోని గ్రంథి తీసి, నూరి, ఆ రసాన్ని సూదితో ఇంకొక చేపకు ఎక్కించారు. చేప, వరద వచ్చిందనుకున్నది. నిలవనీటిలోనే గుడ్లు పెట్టింది. మన వేడినీటిలో ఒక్క రోజైనా గడవకముందే గుడ్లు పగిలి పిల్లలు కదిలాయి. ఇప్పటికీ ఆ జూలై 10ని దేశమంతా చేపరైతుల దినంగా జరుపుతున్నారు. ఆయన 2014లో గతించారు. నీలి విప్లవానికి ఆద్యుడని పత్రికలు రాశాయి. మా పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు చూసిన గుర్తు నాకు లేదు. సి.వి. రామన్ పేరు నేర్పినంత శ్రద్ధగా ఈయన పేరూ నేర్పవలసినదని ఇప్పుడు అనుకుంటున్నాను. మా పిల్లల పళ్లెంలోకి వచ్చిన శాస్త్రం ఈయనదే.

ఆ సూదిమందు ఫలాన్ని అందరికంటె ఎక్కువగా అనుభవించినది మన తెలుగునేలే. 1970ల మధ్యలో కొల్లేటి అడుగుభూమిలో ప్రభుత్వమే సంఘాలకు చేపలచెరువులు తవ్వించింది. ఆ తరువాత కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు వరిచేలు వేలాది ఎకరాలు చెరువులైనాయి. శాస్త్రజ్ఞులు ఆరు రకాల చేపలు కలిపి పెంచమంటే మన రైతులు లెక్క వేసుకొని శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ, చాలునన్నారు. నూనె తీసిన తవుడు, వేరుశెనగ చెక్క కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో వరుసగా వేలాడగట్టి, చేప వచ్చి పొడుచుకొని తినే పద్ధతి కనిపెట్టినదీ వారే. ఏ విశ్వవిద్యాలయమూ చెప్పినది కాదు. చేపపిల్లలను ఒక ఏడాది ఇరుకులో, అరకొర మేతతో గిడసబార్చి, తరువాత విశాలమైన చెరువులో వదిలితే ఒక్క ఊపున పెరుగుతాయన్న కిటుకు కూడా వారు బాగా వాడుకున్నారు. పెరిగిన చేప మంచు పెట్టెలలో లారీలెక్కి హౌరాకు పోతుంది. బెంగాలీ కనిపెట్టిన విద్యతో తెలుగువాడు పెంచిన చేపను తిరిగి బెంగాలీయే కొని తింటున్నాడు.

అయితే కొల్లేరు దానికి వెల చెల్లించింది. సరస్సులోనికి చెరువుగట్లు చొచ్చుకుపోయి, వచ్చే నీటికీ పోయే నీటికీ దారి లేకపోయింది. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్సర్ పట్టికలో చేరింది. 2006లో న్యాయస్థానపు ఒత్తిడితో అయిదడుగుల కాంటూరు లోపలి చెరువుల గట్లు యంత్రాలతో కొట్టివేశారు. గట్లు తెగిన చిన్న సంఘాల గోడు వేరు, పెద్ద కౌలుదారుల లెక్కలు వేరు. ఆ పంచాయితీ నాటి నుంచి నేటి వరకు తెగలేదు.

ఇక నార్వే. ఆ దుకాణపు చేప పుట్టింటి సంగతి. చౌధురి ప్రయోగం జరిగిన 13 ఏళ్లకు, 1970లో, హిత్రా అనే దీవిలో గ్రోంట్‌వెట్ సోదరులు సముద్రంలో తేలే వలపంజరం కట్టి అందులో సాల్మన్ పిల్లలను వదిలారు. అది ఫలించింది. మరి కొద్దికాలానికే అక్కడి పశుశాస్త్రజ్ఞులు, ఆవులూ పందులూ జాతి ఎంచినట్లు సాల్మన్‌నూ ఎంచాలని పూనుకున్నారు. నలభై దాకా ఏళ్ల నుంచి గుడ్లు తెచ్చి, ఒక్కొక్క తల్లి సంతానాన్ని వేరుగా పెంచి, త్వరగా పెరిగిన వంశాలను మాత్రం నిలుపుతూ వచ్చారు. నలభై ఏళ్ల చేపలు కలిసి ఒకటైన తరువాత ఆ చేపది ఏ ఏరు?

దాని జీవితం ఇలా గడుస్తుంది. తల్లి పొట్ట నొక్కి గుడ్లు తీసి, మగచేప రేతస్సు కలిపి, చల్లని మంచినీటి పళ్లేలలో ఉంచుతారు. మన శీలావతికి ఒక రాత్రి పట్టేది దీనికి వారాలూ నెలలూ పడుతుంది. నీరు ఎంత చల్లన అయితే అంత ఆలస్యం. అందుకే రోజులను కాక, రోజులతో హెచ్చించిన ఉష్ణోగ్రతను లెక్కపెట్టుకుంటారు. పిల్లలు నీటితొట్లలో సుమారు సంవత్సరం పెరిగి నూరు గ్రాములయ్యేవేళకు, దీపాలతో పగటి నిడివి పెంచి తగ్గించి, ఋతువు మారిందని భ్రమింపజేస్తారు. ఆ భ్రమలో దాని ఒళ్లు వెండిరంగు తిరిగి ఉప్పునీటికి సిద్ధమవుతుంది. నీటితొట్టి ఉన్న పడవలో సముద్రపు పంజరానికి చేరుస్తారు. అక్కడ ఏడాదో ఏడాదిన్నరో గుళికలు తిని, నాలుగైదు కిలోలయ్యాక, గుడ్ల ఊహ ఒంట్లో పుట్టకముందే కోతకు పోతుంది. ఆ మాంసపు ఎరుపు కూడా గుళికలో కలిపిన రంగుపదార్థం వల్ల వచ్చేదే. ఏట్లో తిరిగేదానికి రొయ్యజాతి జీవులను తిని వస్తుంది. మనం చేపకు వరద వచ్చిందని చెప్పాము, వారు వసంతం వచ్చిందని చెప్పారు. అంతే తేడా.

నార్వే ఇప్పుడు ఏటా పది లక్షల టన్నులకు పైగా సాల్మన్ పెంచుతున్నది. ఈ పెంపకానికి “సస్టైనబుల్” అన్న విశేషణం తగిలించడం ఇటీవలి ఆచారం. దాన్ని మన పత్రికలు “సుస్థిర” అంటున్నాయి. స్థిరమంటే కదలనిది. పారే నీటికీ ఈదే చేపకూ ఆ మాట నా చెవికి అతకడం లేదు. నేను చెప్పవలసివస్తే “ముందువారికి మిగిల్చే పెంపకం” అంటాను. పండితులు నవ్వినా సరే.

మిగులుతున్నదా అన్నదే ప్రశ్న. సాల్మన్ మాంసాహారి. 1990 ప్రాంతంలో నార్వే సాల్మన్ మేతలో నూటికి తొంభై పాళ్లు సముద్రపు చేపల పిండీ నూనే. ఎక్కడో పెరూ తీరంలో పట్టిన చిన్నచేపలు ఇక్కడ పెద్దచేపకు మేత. ఒక చేపను పెంచడానికి ఇంకో సముద్రాన్ని ఊడ్చడమేమిటని లోకం నిలదీసింది. వారు విన్నారు. 2013 నాటికి ఆ పాలు మూడోవంతు లోపుకు దిగింది, మిగిలినది సోయా వంటి పైరులు. అందులో వేరే అడవుల గొడవ ఉన్నది, అది ఈ టపాకు మించినది. పంజరాలలో కిక్కిరిసిన చేపలకు సముద్రపు పేలు పట్టి, అవి పక్కనుంచి పోయే ఏటి సాల్మన్ పిల్లలకు అంటుతున్నాయి. పంజరం తెగితే జాతి మారిన చేప వెళ్లి ఏటి చేపతో కలుస్తుంది. 2007 తరువాత చిలీలో ఒక అంటురోగం వచ్చి పరిశ్రమ కుప్పకూలింది. మా అమ్మాయి ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే 2017 ఆగస్టులో సైప్రస్ దీవి దగ్గర ఒక పంజరం కూలి రెండు లక్షలకు పైగా అట్లాంటిక్ సాల్మన్‌లు పసిఫిక్‌లోకి పారిపోయాయి. మరుసటి ఏడే ఆ రాష్ట్రం పరదేశపు చేపల పంజరాలను నిషేధిస్తూ చట్టం చేసింది. పక్కనే బ్రిటిష్ కొలంబియాలో తెరిచిన వలపంజరాలు 2029 జూన్ ఆఖరుకు తీసివేయాలని కెనడా ప్రభుత్వం 2024లో ప్రకటించింది.

మా శీలావతి ఈ విషయంలో సాత్వికురాలు. తవుడూ చెక్కా తింటుంది. పేరే చెబుతున్నది కదా. కొల్లేటి చెరువుల తప్పు చేపది కాదు, గట్టు ఎక్కడ వేయాలో తెలియని మనిషిది.

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను. ఇవన్నీ చదివిన తరువాత నాకు తెలిసిన రెండు సంగతులు విచిత్రంగా తోచాయి.

మొదటిది. 1992లో భువనేశ్వరం దగ్గర కౌసల్యాగంగలోని మంచినీటి మత్స్యసంస్థ, సాల్మన్‌ను ఎంచిన ఆ నార్వే పరిశోధకులనే పిలిపించి, అదే పద్ధతిలో మన రోహును ఎంచడం మొదలుపెట్టింది. వేర్వేరు ఏళ్ల రోహులను తెచ్చి కలిపారు. 1997లో, స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరం కనుక, ఆ కొత్త రోహుకు “జయంతి” అని పేరుపెట్టి విడుదల చేశారు. అది మన రాష్ట్రపు హేచరీలకూ వచ్చింది.

రెండవది ఇంకా చిత్రం. చౌధురి గారి కాలంలో గ్రంథులు తీయడానికి చేపల తలలు కోయవలసివచ్చేది. తరువాత ఒవాప్రిమ్ అనే సూదిమందు కెనడా నుంచి వచ్చింది, మన హేచరీలవారు దానికి అలవాటుపడ్డారు. అందులో ఉన్నది సాల్మన్ మెదడులోని ఒక హార్మోనును నమూనాగా పెట్టుకొని ప్రయోగశాలలో తయారుచేసిన పదార్థం. అంటే ఉత్తర సముద్రాల నుంచి ఏరెక్కే చేప ఒంట్లో “ఇక గుడ్లు పెట్టు” అని చెప్పే మాటను అనుకరించి, ఆ మాటతో మన శీలావతిని నిద్రలేపుతున్నారు. ఏరు చూడని చేపకు ఏరెక్కే చేప భాషలో కబురు!

కార్తీకంలో వాడు మళ్లీ కనిపించాడు. పాచిపెంట సంతలో. టీ తాగుతూ ఈ కథంతా చెప్పాను. అంగుల్, నార్వే, కెనడా అన్నీ. వాడు ఓపికగా విన్నాడు. బడిలో ఇంత ఓపికగా విన్న గుర్తు లేదు.

“అయితే దానికి ఏరు లేనట్టేనా మాస్టారూ?”

“చాలా ఏళ్లు ఉన్నాయిరా. ఒకటని చెప్పలేము.”

“మా జలాశయంలో దానికి మేత ఎవరూ వెయ్యరండి. నీటిలో ఉన్నది తిని పెరుగుతాది. తవుడూ లేదు, మందూ లేదు.”

నిజమే. కొల్లేటి రైతు మేతకు పెట్టే ఖర్చు గాని, నార్వే పంజరపు పేలు గాని ఇక్కడ లేవు. విత్తనం వదలడం, నీరు పెంచడం, వల వేయడం. నేను చదివిన పెంపకాలన్నింటిలో ముందువారికి మిగిల్చేది ఇదేనని నాకు తోచింది. ఆ మాటే అన్నాను.

వాడు తల ఊపలేదు. గెడ్డలో అయితే చేప తనంత తాను వచ్చేదనీ, ఇప్పుడు ఏటేటా వ్యాను కోసం చూడాలనీ, వాన ముందు వచ్చి వ్యాను వెనక వస్తే ఏడాది పోయినట్లేననీ చెప్పాడు. ఇలాంటి జలాశయాలలో వదిలే పిల్ల ఎనిమిది పది సెంటీమీటర్లయినా ఉండాలి. అంతకు తక్కువైతే కొర్రమీనుకూ వాలుగకూ ఫలహారం. ఆ పరిమాణపు పిల్లను ఇంగ్లీషులో ఫింగర్‌లింగ్ అంటారు. వేలెడంతది అని.

వాడు టీగ్లాసు కింద పెట్టి, కుడిచేతి చూపుడువేలు నిలబెట్టి, ఎడమచేతి బొటనవేలితో దాని మొదటి కణుపు దగ్గర గుర్తు పెట్టి చూపించాడు.

“మొన్న వదిలినవి ఇంతేనండి.”